గడ్డం కింది గుడ్డ

ఇంకా యాభై రెండు నిమిషాలని డ్రయరు నెత్తిమీది ఎర్ర అంకెలు ప్రకటిస్తున్నాయి. అయితే ఈ యంత్రం నిమిషానికీ మానవ నిమిషానికీ ఏనాడూ పొత్తు కుదరలేదు. ఒక్కోసారి పన్నెండు దగ్గర ఆగి ఏదో ధర్మసందేహం తీర్చుకుంటున్నట్టు తిరిగి పద్దెనిమిదికి ఎక్కుతుంది. అలా ఎక్కితే బాగుండునని, వందకు ఎక్కి అక్కడే ఉండిపోతే మరీ బాగుండునని, మా అపార్టుమెంటు అడుగు అంతస్తులోని ఈ బట్టల గదిలో, ఒక కాలు పొట్టిదైన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కోరుకుంటున్నాను. గుండ్రటి గాజు కిటికీ లోపల మా తువ్వాళ్ళు ఒకదాని మీద ఒకటి పడి లేస్తున్నాయి. వాటి మధ్య అప్పుడప్పుడు, నీలంగా, అరచేతికి రెండింతలున్న ఆ గుడ్డ కనబడి మాయమవుతోంది. సామాన్యమైన గుడ్డే. వయొలిన్ వాయించేవాళ్ళు వాద్యానికీ మెడకీ మధ్య, గడ్డం కింద పెట్టుకునే గుడ్డ. సరిగ్గా అయిదు గంటలకు ఒక పళ్ళ డాక్టరు వస్తాడు. యాభై ఏళ్ళు జనం నోళ్ళలోకి తొంగిచూసి విసిగి, ఇప్పుడు సంగీతంలోకి తొంగిచూడాలని ఆయనకు బుద్ధి పుట్టింది. వచ్చి నా భార్య వయొలిన్‌ను కొనుక్కుని పోతాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆమె గడ్డం కింద ఉన్న వయొలిన్. మూడో అంతస్తులో ఆమె ఇప్పుడు దాన్ని పొడిబట్టతో తుడుస్తూ ఉంటుంది, కమాను నుంచి రాలి తీగల కింద చేరిన తెల్లటి పొడిని ఊది ఊది తుడుస్తూ ఉంటుంది. ఆ వయొలిన్ ఏ నేరమూ చెయ్యలేదని ఈ భూమండలం మీద తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను కిందికి దిగొచ్చి బట్టలు ఆరబెట్టుకుంటున్నాను.

పొదుపు మా వంశంలో గుణం కాదు, రాజ్యాంగం. మా నాన్న అగ్గిపుల్లను బ్లేడుతో నిలువునా చీల్చి రెండు చేసేవాడు. రెండోది వెలగక మూడోది గీయాల్సి వచ్చినా సిద్ధాంతాన్ని మాత్రం వదల్లేదు. అమ్మ తడిబట్టను రెండు చేతులా పట్టుకుని గాలిలో ఫెళ్ళుమని జాడించేది. ఆ చప్పుడుకు పక్కింటి పిల్లలు ఉలిక్కిపడేవారు. అలా ఇరవైసార్లు జాడిస్తే తువ్వాలు రేకులా బిగుసుకోకుండా ఆరుతుందని, అందుకు పైసా ఖర్చు లేదని చెప్పేది. ఖర్చు ఆమె భుజాలకు అయింది, దాన్నెవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఇటువంటి మహావంశంలో పుట్టి, కాలేజీలో సామ్రాజ్యాలు ఎలా పతనమయ్యాయో ముప్ఫై ఏళ్ళు బోధించి, ప్రతి పతనానికీ మూలం దుబారాయేనని ప్రశ్నపత్రాల్లో అడిగి రాబట్టిన నేను, బట్టలు మెత్తబడడానికి డ్రయరులో వేసే ఆ పల్చటి షీటును, ఒక్కసారి వాడి పారెయ్యమని డబ్బా మీద రాసి ఉన్నంత మాత్రాన, ఒక్కసారి వాడి పారేస్తానా? మొదట సగం చేశాను. తేడా ఎవరూ కనిపెట్టలేదు. పావు చేశాను. ఆ తరువాత అల్యూమినియం ఫాయిలును ఉండలు చుట్టి వేశాను. అవి లోపల యుద్ధభేరి మోగించడంతో మొదటి అంతస్తు పెద్దావిడ కిందికి దిగివచ్చి, "మాస్టారూ, మీ ఇంట్లో గిన్నెలు కూడా ఇందులోనే ఆరబెడతారా?" అని అడిగింది. మా బావమరిది ఆ మాట విని నాకు ఆర్థికమంత్రిగారని బిరుదిచ్చాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడికి ఇంత పెద్ద పదవి అవసరమా అని పక్కనుంచి ఒక వ్యాఖ్యానం కూడా చేశాడు. నేను నవ్వాను. లోపల గర్వించాను. ఆ దశలోనే స్పాంజి యుగం మొదలైంది.

నలభై ఎనిమిది. వేడిగాలి తలుపు సందులోంచి నా మోకాళ్ళకు తగులుతోంది. గదిలో తడి నూలు వాసన. గోడమీద ఎవరో అంటించిన కాగితం, "దయచేసి జాలీ శుభ్రం చేయండి" అని. డ్రయరు జాలీకి పట్టిన నూగంతా తీశాను, నేను నియమాలు పాటించే మనిషిని. రెండేళ్ళ కిందట వీధి చివరి లాండ్రీ ఓనరు సరుకు మార్చుతూ, సగం మిగిలిన, బట్టలు మెత్తబరిచే సాఫ్ట్‌నరు క్యానును పారెయ్యబోతుంటే నేను చూశాను. అది విధి అంటారు కొందరు, నేను కక్కుర్తి అంటాను, కానీ ఇవాళే అంటున్నాను. ఆ రోజు మహదవకాశం అన్నాను. "మాస్టారూ, ఇది హోటళ్ళ తువ్వాళ్ళకి వేసే మందండీ. బక్కెట్టు నీళ్ళకి ఒక్క మూత. చిక్కగా వేశారో, ఒంటికి పడదు, ముందే చెబుతున్నా," అన్నాడతను. వాసన లేదు, రంగు లేదు, ధర అంతకన్నా లేదు. ఆ నీళ్ళలో స్పాంజి ముంచి, పిండి, డ్రయరులో పడేస్తే బట్టలన్నీ వెన్నముద్దలయ్యేవి. ఖరీదైన షీట్ల డబ్బా మాత్రం అలమరలోనే ఉంచాను. అందులో ఒకే ఒక్క షీటు, పదవి పోయినా సింహాసనం దిగని రాజులా, రెండేళ్ళుగా కొలువు తీరి ఉంది. మోసమని అప్పుడు అనిపించలేదు. పురావస్తు సంరక్షణ అనిపించింది.

అంతటితో ఆగి ఉంటే చరిత్ర వేరుగా ఉండేది. ఒకనాటి సాయంత్రం ఆమె ఆర్కెస్ట్రా రిహార్సలు నుంచి వచ్చి, మెడ పట్టుకుని, "ఇక్కడ ఒత్తుకుంటోందండీ, గుడ్డ ఇంకాస్త మెత్తగా ఉంటే బాగుండు," అంది. ఎంత చిన్న మాట. ఇంట్లో ఆమె ఎప్పుడూ ఏదీ అడగదు. అడిగితే నా ముఖంలో కూడికలు మొదలవుతాయని ఆమెకు తెలుసు. అందుకని ఆ ఒక్క గుడ్డ విషయంలో నేను నా వంశాచారాన్ని ఉల్లంఘించాను. దాన్ని నీళ్ళు కలపని మందులో, చిక్కటి మందులో, మూత కాదు, గిన్నెడు మందులో రాత్రంతా నానబెట్టాను. జీవితంలో మొదటిసారి చెయ్యి కొలత మరిచింది. ఊరికే వచ్చింది కాబట్టి మరిచిందా, ఆమె కోసం కాబట్టి మరిచిందా, ఈ ప్రశ్నను నేను పదకొండు రోజులుగా అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. రెండువైపులా నా ముఖమే కనబడుతోంది. ఆరిన గుడ్డ నెమలీకలా వచ్చింది. ఆమె దాన్ని చెంపకు ఆనించుకుని, "అబ్బ, ఏం మెత్తగా చేశారండీ!" అంది. ఆ ప్రశంసకు లొంగి ప్రతి ఆదివారం ఆ అభిషేకం కొనసాగించాను. మూడో వారానికి ఆమె మెడ ఎడమవైపు ఎర్రబడింది. అయిదో వారానికి దద్దుర్లు. ఆ తరువాత చర్మం పొలుసులుగా లేచి, కచేరీ నల్ల జాకెట్టు కాలరు పైకి కనబడేది. ఆమె చున్నీ చుట్టుకుని వెళ్ళేది.

చర్మం డాక్టరమ్మ గది గుర్తొస్తోంది. వద్దన్నా వస్తోంది. గోడమీద మనిషి చర్మాన్ని నిలువునా కోసిన పెద్ద బొమ్మ, పొరలు పొరలుగా, పొర పొరకూ పేరు. "బట్టలకు ఏం వాడతారమ్మా?" అని ఆవిడ అడిగింది. "ఈ మెడకింద పెట్టుకునే గుడ్డ ఎలా ఉతుకుతారు?" నా భార్య నావైపు చూడనైనా చూడకుండా, వెన్ను నిటారుగా పెట్టి, "మావారే ఉతుకుతారండీ. నా చర్మానికి పడేవని ఖరీదైన షీట్లు ప్రత్యేకంగా కొంటారు. నా విషయంలో ఆయన దేనికీ వెనకాడరు," అని చెప్పింది. డాక్టరమ్మ మెచ్చుకోలుగా నన్ను చూసింది. తేలు కుట్టిన దొంగకు కూడా ఒక మర్యాద ఉంటుంది, కనీసం పెదవి కొరుక్కుంటాడు. నేను గోడమీది బొమ్మలో మూడో పొర పేరు చదువుతూ కూర్చున్నాను. నిజమే, ఆనాటికి నాకు ఏమీ తెలియదు. తెలియదు కానీ నోరు తెరిచి "షీట్లు కావు, స్పాంజి" అని రెండు మాటలు అని ఉంటే ఆ క్షణంలోనే తెలిసిపోయేది. అనలేదు. పిసినారి అని ఒక పరాయి మనిషి అనుకుంటుందేమోనని అనలేదు.

ముప్ఫై ఆరు. తువ్వాళ్ళు కాస్త తేలికబడినట్టున్నాయి, ఎగిరే తీరు మారింది. ఆ తరువాత ఇంట్లో న్యాయవిచారణ జరిగింది. అనుమానితులు ఒక్కొక్కరే బోనెక్కారు. సబ్బును ఆమె బహిష్కరించింది. మెడలో గొలుసును తీసి పెట్టెలో పెట్టింది. జుట్టు రంగు మానేసింది, నెరిసిన పాపిడితోనే స్టేజి ఎక్కింది. గడ్డం ఆనే చెక్కను వేరే కర్రతో చేయించాం. దాని ఖరీదు నేను పొదుపు చేసిన షీట్ల ఖరీదుకు తాత. డాక్టరు ఫీజులు, పూతమందులు, పరీక్షలు, అన్నిటికీ నేను నోరెత్తకుండా చెల్లించాను. "మీరు చాలా మారిపోయారండీ," అని ఆమె ఒకనాడు కళ్ళు తడిచేసుకుంది. చివరికి డాక్టరమ్మ సలహా మీద మూడు వారాలు వయొలిన్ ముట్టలేదు. దద్దుర్లు తగ్గాయి. మళ్ళీ పట్టింది, నేను మెత్తగా ఆరబెట్టి సిద్ధంగా ఉంచిన గుడ్డతో సహా. నాలుగో రోజుకు మళ్ళీ వచ్చాయి. ఇంకేం సాక్ష్యం కావాలి? వాద్యం మీది వార్నిషే పడటం లేదని తీర్పు వెలువడింది. ఆమె ఏడవలేదు. వయొలిన్ పెట్టె మూతమీద చెయ్యి వేసి, "పాపం, దీని తప్పేముంది, నా ఒళ్ళే దీనికి పడలేదు," అంది. ఆ రాత్రి ఆమె నిద్రలో ఎడమచేతి వేళ్ళు దుప్పటి మీద ఏవో స్వరాలు నొక్కుతున్నాయి. నేను చూస్తూ పడుకున్నాను.

నాకు నిజం తెలిసిన ఘట్టం ఏమంత వీరోచితం కాదు. గడ్డం గీసుకుంటుంటే తెగింది, చేతికి అందిన గుడ్డ అదే. అదిమిపెట్టుకున్నాను, కాలేజీకి పోయాను. మూడో పీరియడుకు దవడ కింద మంట. సాయంత్రం అద్దంలో చూసుకుంటే నా భార్య మెడమీద నేను ఏడాదిగా చూస్తున్న దేశపటమే నా దవడ మీద. ఒక్క ఆధారంతో చరిత్ర రాయరాదని పిల్లలకు చెప్పేది నేనే కదా. చొక్కా చేతి లోపల ఒక ముంజేతికి ఆ గుడ్డ, రెండో ముంజేతికి మామూలు చేతిరుమాలు కట్టుకుని ఒక పగలంతా ఉన్నాను. రెండో ఆధారం కూడా దొరికింది, ఎర్రగా, స్పష్టంగా, ఏ పండితుడూ ఖండించలేనంత స్పష్టంగా. అది పదకొండు రోజుల కిందటి మాట. ఆ పగలు మొదలు ఇవాళ్టిదాకా నేను చేసినవి చెప్పుకోవాలంటే సిగ్గుచేటు. స్పాంజిని చెత్తలో పారేశాను. మిగిలిన మందును డ్రెయినేజీలో పోసి పైన రెండు బక్కెట్ల నీళ్ళు కొట్టాను. గుడ్డను ఉత్త నీళ్ళలో నాలుగుసార్లు ఉతికాను, ఇవాళ్టిది అయిదోసారి. నా వ్యూహం ఇది, మురిసిపోదగిన వ్యూహం: గుడ్డ శుభ్రమవుతుంది, ఆమె మళ్ళీ వాయిస్తుంది, దద్దుర్లు రావు, అద్భుతం జరిగిందని అందరూ అంటారు, నేను కూడా అంటాను. "ఇంకొక్కసారి వాయించి చూడరాదూ?" అని ఎంత మెల్లగా అడిగానో. "మీరు నామీద ప్రేమకొద్దీ అంటున్నారు. నాకు మళ్ళీ ఆశ పెట్టకండి. ఇంక మోయలేను," అంది. ఆర్కెస్ట్రాకు రాజీనామా రాసింది. రెండో వరసలో ఆమె కుర్చీ ఈపాటికి ఇంకొకరిదై ఉంటుంది. ఆ ఉత్తరం సంగతి ఇప్పుడు వద్దు.

పంతొమ్మిది. అడుసు తొక్కినవాడు కాలు కడుక్కోవాలి, నేను అడుసునే కడుగుతూ కూర్చున్నాను. పైకి వెళ్ళి చెప్పెయ్యాలి. ఎలా? వాక్యం కడుతున్నాను, చాలాసేపటి నుంచి కడుతున్నాను. నీ కంఠసీమకు సంభవించిన ఉపద్రవానికి హేతువు బహుశా మనం ఇంతవరకు పరిశీలించని ఒక బాహ్య పదార్థమై ఉండవచ్చునేమోనని ఇటీవల నాకు కలిగిన ఒక సందేహం. బహుశా, ఉండవచ్చు, ఏమో, సందేహం. నాలుగు గోడలు కట్టుకున్నాను, లోపల నేను కనబడను. ఇలాంటి వాక్యాల్లోనే రాజులు యుద్ధాలు దాచారు. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. పళ్ళ డాక్టరు వయొలిన్ తీసుకుపోతాడు, ఈ గుడ్డ కూడా, ఎందుకంటే పొద్దున ఆమె, "దాన్నొకసారి మీ పద్ధతిలో మెత్తగా చేసి ఇవ్వండి, ఆయనకి జతగా ఇచ్చేద్దాం," అని నా చేతిలో పెట్టింది. ఆయన మెడకు ఏమీ కాదు. ఆమె మెడ మానుతుంది. నా పరువు మానుతుంది. సాయంత్రాలు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, నేను దినపత్రిక చదువుకుంటాను, దుప్పటి మీద ఆమె వేళ్ళు కదులుతూ ఉంటాయి, ఎన్నేళ్ళు కదులుతాయో.

మెట్లమీద చెప్పుల చప్పుడు. తలుపు తోసుకుని ఆమే వచ్చింది, మెడకు చున్నీ, చేతిలో ఇంకా వయొలిన్ తుడిచిన బట్ట.

"ఏమండీ, ఆయన ముందే వచ్చేశారు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను. గుడ్డ అయిందా?"

నా జవాబు కోసం ఆగలేదు. డ్రయరు తలుపు లాగింది. లోపలి డ్రమ్ము రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. తువ్వాళ్ళ మధ్య చెయ్యి పెట్టి ఆ నీలం గుడ్డను బయటికి తీసింది, బొటనవేలితో రుద్ది చూసింది, ముఖం చిట్లించింది.

"ఇదేమిటి, గోనెసంచిలా గరుగ్గా ఉంది? ఇవాళ మీ స్పాంజి మందు వెయ్యలేదా?"

"ఏ స్పాంజి?"

"మరీ అంత అమాయకంగా అడక్కండి. నాకు తెలియదనుకున్నారా? లాండ్రీ అతను ఏనాడో చెప్పాడు. రెండేళ్ళుగా డబ్బాలో ఒకే షీటు. నేనే దానికి దుమ్ము దులుపుతున్నాను." నవ్వింది. ఆ నవ్వు నాకు ఎక్కడ తగిలిందో చెప్పడానికి డాక్టరమ్మ గోడమీది బొమ్మలో పొరలు చాలవు.

"మరి డాక్టరమ్మతో అలా ఎందుకు చెప్పావు?"

"మరేం చెప్పమంటారు? మా ఆయన హోటలు తువ్వాళ్ళ మందు వేస్తారని చెప్పమంటారా? ఇంట్లో ఎన్నైనా అంటాను, నలుగురిలో నేనెందుకు అనిపిస్తాను మిమ్మల్ని? అయినా బట్టలన్నిటికీ అదే వేస్తున్నారు కదా, ఇంకెక్కడా దురద లేదు. దానివల్ల కాదనుకున్నాను."

మేమిద్దరం ఒకే గదిలో, ఒకే డాక్టరు ముందు, ఒకే పరువును కాపాడాం, ఒకరికి తెలియకుండా ఒకరం. వాక్యం గుర్తు చేసుకున్నాను, కంఠసీమ, ఉపద్రవం, హేతువు.

"గుడ్డకి నీళ్ళు కలపలేదు," అన్నాను.

"ఏం?"

"మందు. ఆ గుడ్డకి ఒక్కదానికీ. చిక్కగా వేశాను. ఒత్తుకుంటోందన్నావని."

ఆమె గుడ్డవైపు చూసింది. తరువాత నావైపు. నేను చొక్కా చెయ్యి పైకి లాగి ముంజేతి మీద ఇంకా మానని ఎర్ర చదరాన్ని చూపించాను. డ్రయరు తలుపు తెరిచి ఉండడంవల్ల కీ కీ మని అరుస్తోంది, ఇద్దరిలో ఎవరమూ దాన్ని మూయలేదు.

"అంటే వయొలిన్ కాదు."

"కాదు."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

ఇక్కడ ఒక అబద్ధానికి చోటుంది. నిన్ననే అనవచ్చు. ఇప్పుడే అనవచ్చు. నోట్లో దాని ఆకారం కూడా తయారైంది.

"పదకొండు రోజులైంది."

ఆమె పెదవులు కదిలాయి. మేళంలో తన వంతు వచ్చేదాకా లెక్కపెట్టుకుంటున్నట్టు, రోజులు వెనక్కి.

"ఉత్తరం గురువారం రాశాను," అంది. "నాకు చేతులాడటం లేదంటే మీరే కదా తీసుకెళ్ళి పోస్టులో వేశారు."

అవును. స్టాంపు కూడా నేనే అంటించాను. పోస్టు డబ్బా దగ్గర ఒక నిమిషం నిలబడ్డాను కూడా. ఆ నిమిషాన్ని ఎవరికీ చెప్పలేదు, ఇప్పటిదాకా నాకు నేనైనా చెప్పుకోలేదు. నిలబడి, ఉత్తరం చివర పట్టుకుని, లోపలికి జారనిచ్చి, అది అడుగున తగిలిన చప్పుడు విన్నాక, తేలికపడ్డాను. తేలికపడ్డాను, అదే, ఇంక చెప్పాల్సిన అవసరం తప్పిందని.

"అవును," అన్నాను.

ఆమె గుడ్డను మడిచింది, రెండు మడతలు, నాలుగు మడతలు, ఇంక మడవడానికి వీల్లేనంతవరకు. తిడుతుందని ఎదురుచూశాను, తిడితే బాగుండునని. "పైకి రండి," అంది అంతే. ఆమె వెనకే మెట్లెక్కాను, మూడంతస్తులు. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. హాల్లో పళ్ళ డాక్టరు కాఫీ పూర్తిచేసి, తెరిచిన వయొలిన్ పెట్టె ముందు చేతులు వెనక్కి కట్టుకుని, పసిబిడ్డను చూసినట్టు చూస్తున్నాడు. మమ్మల్ని చూసి జేబులోంచి కవరు తీయబోయాడు. "క్షమించండి డాక్టరుగారూ, ఇది అమ్మడం లేదు. ఎందుకో మా ఆయన చెబుతారు," అంది. నేను చెప్పాను. పిల్లల ముందు ముప్ఫై ఏళ్ళు తడబడని గొంతు ఆయన ముందు మూడుసార్లు తడబడింది. ఆయన అంతా విని, గడ్డం తడుముకుని, "పుక్కిలించే మందు కూడా నీళ్ళు కలపకుండా పోసుకునేవాళ్ళు నాకు బోలెడుమంది వస్తారండీ. వాళ్ళు కనీసం వాళ్ళ నోళ్ళే కాల్చుకుంటారు," అన్నాడు. మర్యాదస్థుడు. ఆమెకు నమస్కారం పెట్టి, నాకు పెట్టకుండా వెళ్ళిపోయాడు.

తలుపు వేసి వచ్చి ఆమె బల్లమీద తెల్లకాగితం, కలం పెట్టింది. "ఆర్కెస్ట్రా పెద్దాయనకి రాయండి. నా కుర్చీ ఇస్తారో ఇవ్వరో తరువాతి మాట. నేనెందుకు మానేశానో అందరికీ ఒక కారణం చెప్పాను, అది తప్పని వాళ్ళకి తెలియాలి. మీ చేత్తో రాయండి." ఆయన దాన్ని అరవైమంది ముందు చదువుతాడు, నాకు తెలుసు, ఆయనకు అన్నీ పైకి చదివే అలవాటుంది. కూర్చుని రాశాను. ఆమె నా భుజం వెనక నిలబడి చదివింది. చున్నీ తీసేసింది కాబోలు, దాని కొస నా చేతిమీద పడింది. "కంఠసీమ ఏమిటి? కొట్టెయ్యండి," అంది. కొట్టేశాను. "బహుశా ఎందుకు?" కొట్టేశాను. "సందేహం ఎవరికండీ?" దాన్నీ కొట్టేశాను. రెండో కాగితం తీసుకున్నాను. కొట్టివేతలన్నీ పోగా మిగిలింది ఒక్క వాక్యం, నా భార్య మెడను పాడుచేసింది వయొలిన్ కాదు, నేను, అని. దాని కింద, ఆమె చెప్పకుండానే, తెలిసి కూడా పోస్టు చేశాను అని ఇంకొకటి చేర్చాను. ఆమె రెండోదాన్ని చాలాసేపు చదివింది, దాని పొడవుకు అంతసేపు అక్కర్లేదు. తరువాత పక్కగదిలోకి పోయి తలుపు వేసుకుంది. తీగలు బిగిస్తున్న చప్పుడు వినిపించింది, ఒకటి తగ్గి, ఒకటి హెచ్చి, శ్రుతి కుదరక మళ్ళీ మొదటినుంచి. నేను సంతకం చేశాను, పూర్తి పేరుతో, కింద ఉద్యోగం కూడా రాసి.